ఎన్ని రోజులుంటవు సారూ?

జైనూరులో ఆటో ఎక్కి మార్లవాయిలో దిగగానే నేను చేసిన మొదటి పని జేబులోంచి ఫోను తీయడం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. విశాఖలో రైలెక్కి మంచిర్యాలలో దిగి, బస్సులు మారి, జన్నారం అడవి దాటి, ఉట్నూరు మీదుగా ఇంత దూరం వచ్చింది ఈ ఊరిని చూడడానికి. తీరా వచ్చాక ముందు ఫోటో తీయాలనిపించింది. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను గమనించి "రామ్ రామ్" అన్నాడు. నేనూ రామ్ రామ్ అన్నాను. ఆయన నా పేరు గానీ ఉద్యోగం గానీ అడగలేదు.

"ఎన్ని రోజులుంటవు సారూ?" అన్నాడు.

రేపు సాయంత్రం వెళ్లిపోతానని చెప్పాను. ఆయన తలూపి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మాది పాడేరు ఏజెన్సీ. ఆశ్రమ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మావైపు వంజంగి కొండ మీద మబ్బులు చూడడానికి చలికాలంలో వేలమంది వస్తారు. తెల్లవారుజామున వచ్చి తొమ్మిది గంటలకు దిగిపోతారు. కొందరు మంచివాళ్లు, మర్యాదగా మాట్లాడతారు. ఎక్కువమంది మాట్లాడరు. మా ఆడవాళ్లు గెడ్డలో బట్టలు ఉతుక్కుంటుంటే అడగకుండా ఫోటో తీసినవాళ్లను నా కళ్లతో చూశాను. పెళ్లిళ్లలో, పండగల్లో ఆడే మా థింసాను డబ్బులిచ్చి ఐదు నిమిషాలకు కుదించి ఆడించుకున్నవాళ్లనూ చూశాను. వాళ్ల మీద నాకున్న కోపం బడిలో పిల్లలకు కూడా తెలుసు. అలాంటి నేను మార్లవాయిలో దిగగానే వాళ్లలో ఒకడినయ్యాను. ఆదివాసీ అయినంత మాత్రాన ఇంకొక ఆదివాసీ ఊరికి మనం చుట్టాలం అయిపోము. అది నాకు అక్కడే అర్థమైంది.

ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న ఆ ఊరికి కొత్తది కాదు. ఎనభై ఏళ్ల కిందట ఒక తెల్లదొర అదే ఊరికి వచ్చాడు. ఆయన ఎన్ని రోజులున్నాడు, ఎందుకు ఉండగలిగాడు, ఉండి ఏం చూశాడు, ఏం చూడలేదు అన్నవి మన పిల్లలకు చెప్పాల్సిన చరిత్ర. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక వాక్యం దక్కితే గొప్ప.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. చదివింది మానవశాస్త్రం. 1936లో నాగా కొండలకు వెళ్లి కొన్యాక్ నాగాల మధ్య ఉన్నాడు. తర్వాత బెట్టీ ఎలిజబెత్ అనే ఇంగ్లీషు అమ్మాయిని పెళ్లి చేసుకుని మళ్లీ భారతదేశం వచ్చాడు. అంతలో యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలుపుకొన్నాడు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఆ కాగితం వల్ల బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశపు మనిషి అయ్యాడు. అలాంటివాళ్లను చాలామందిని శిబిరాల్లో పెట్టారు. ఆయనకు మాత్రం నిజాం రాజ్యం దాటకుండా ఉండాలన్న షరతు పెట్టి వదిలారు. ఇల్లు వెళ్లలేడు. నాగా కొండలకూ వెళ్లలేడు. చేతిలో ఉన్నదల్లా హైదరాబాద్ సంస్థానంలోని అడవులు, బోలెడంత కాలం.

ముందు అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల దగ్గర, ఆ తర్వాత గోదావరి ఒడ్డు కొండల్లో రెడ్ల దగ్గర ఉండి, చివరికి ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చాడు. మన ప్రాంతపు ఆదివాసుల మీద ఆయన రాసిన మూడు పెద్ద పుస్తకాలూ ఈ దారిలో పుట్టినవే. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో, రాజ్‌గోండుల పుస్తకం 1948లో వచ్చాయి. ఆయన ఓపికను అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ ఓపికలో సగం యుద్ధం పెట్టిన బలవంతం అని నా అనుమానం. దారులన్నీ తెరిచి ఉంటే ఆయన కూడా ఆరు నెలలు ఉండి వెళ్లిపోయేవాడేమో.

గోండుల దగ్గరికి ఆయన రావడానికి ఇంకో కారణం ఉంది. అది చేదుగా ఉంటుంది.

అంతకు ముందు ఈ కొండలెక్కిన బయటివాళ్లు ఎవరు? అడవికి హద్దులు గీసేవాళ్లు. రిజర్వు అడవి అంటూ గీతలు గీసి, ఆ గీతల లోపల పడ్డ ఊళ్లను ఖాళీ చేయించారు. తాతల నాడు నరికి దున్నుకున్న చేను ఒక్క రాత్రిలో నేరమైంది. పొయ్యిలోకి కట్టె తెచ్చుకున్నా, పశువును మేపుకున్నా జంగ్లాతు వాళ్లకు మామూలు ముట్టాలి. మైదానాల నుంచి వచ్చినవాళ్లు ఉర్దూలో దరఖాస్తు పెట్టుకుని పట్టాలు పొందారు. ఉర్దూ చదవలేని గోండు, పట్టా అంటే ఏమిటో తెలియని గోండు, తన చేలోనే పాలేరు అయ్యాడు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కుమ్రం భీం వెనక నిలబడింది ఇందుకే. 1940లో జోడేఘాట్ గుట్ట మీద నిజాం పోలీసుల తూటాలకు భీం, ఆయన తోటివాళ్లు నేలకొరిగారు. ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ వర్ధంతి చేస్తారు.

ఆ తర్వాతే నిజాం సర్కారుకు గోండులకు ఏం కష్టం వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. హైమన్‌డార్ఫ్‌ను అడిగింది. అంటే ముందు తుపాకి వచ్చింది, వెనక నోటుపుస్తకం వచ్చింది. ఈ వరస మన పిల్లలు మరచిపోకూడదు. హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేసి మాట్లాడేవాళ్లు జోడేఘాట్‌ను పక్కన పెట్టి మాట్లాడతారు. ఆయన్ని సర్కారు మనిషి అని కొట్టిపారేసేవాళ్లు, ఆయన రాసిన నివేదికలు చదవకుండా మాట్లాడతారు. తెలంగాణ గోండులు మాత్రం రెండింటినీ తమ దగ్గరే ఉంచుకున్నారు. జోడేఘాట్‌లో భీం ఉన్నాడు, మార్లవాయిలో ఈయన సమాధి ఉంది. రెండు చోట్లకూ వెళ్తారు.

ఆయన మార్లవాయిలో గోండులు కట్టినట్టే ఒక గుడిసె కట్టించుకున్నాడు. బెట్టీతో కలిసి అందులోనే కాపురం పెట్టాడు. గోండి నేర్చుకున్నాడు. నాకు అన్నిటికన్నా ఇది పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఏజెన్సీ బడుల్లో ఇరవై ఏళ్లు పనిచేసి పిల్లల భాషలో నీళ్లు అడగడం కూడా రాని ఉపాధ్యాయులను నేను ఎరుగుదును. ఆయన పర్ధాన్ల దగ్గర కూర్చున్నాడు. గోండుల కథలు పర్ధాన్ల నోట ఉంటాయి. కింగ్రి వాయిస్తూ, ఏ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పేన్‌ను ఎవరు మొక్కాలి అన్నవి రాత్రుళ్ల తరబడి పాడతారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా గోండు సమాజం ఎలా ఏర్పడిందో, ఎవరికి ఎవరు అన్నదమ్ములో, ఎవరింటి పిల్లను ఎవరు చేసుకోవచ్చో ఆ పాటల్లోనే ఉంది. ఒక్క రాత్రిలో వినేసి వెళ్లిపోయే సంగతి కాదు. అది పూర్తి కావాలంటే పండగలు, చావులు, పెళ్లిళ్లు ఒక ఏడాది చుట్టు తిరగాలి.

ఉండిపోయినందువల్లే కథలతో పాటు కడుపులు కూడా ఆయనకు కనిపించాయి. పాటలు రాసుకోవడానికి వచ్చిన మనిషి భూముల లెక్కలు రాయడం మొదలుపెట్టాడు. ఏ ఊరిలో ఎంతమందిని వెళ్లగొట్టారు, ఎవరి చేను ఎవరి పేరున ఎక్కింది అని సర్కారుకు నివేదికలు పంపాడు. వాటిని కలిపి 1945లో పుస్తకంగా అచ్చువేశారు. గోండులకు పట్టాలివ్వాలని అందులో పట్టుబట్టాడు. ఆ తర్వాత నిజాం సర్కారులోనే ఆదివాసుల వ్యవహారాలకు సలహాదారు అయ్యాడు. ఆ దశకం ముగిసేలోపు ఆదిలాబాద్‌లో లక్షన్నర ఎకరాలకు పైగా భూమి ఆదివాసుల పేరున పట్టా అయింది. ఇందులో ఆయన ఒక్కడి చేయే లేదు. భీం పోయాడు కాబట్టే ఆ కాగితాలు కదిలాయని గోండు పెద్దలు అంటారు. నేనూ అదే అంటాను. గోండి నేర్చుకుని ఊరూరా తిరిగిన సేతుమాధవరావు పగ్డీ లాంటి అధికారులు కూడా ఉన్నారు. వాళ్ల పేరు ఇవాళ ఎవరికీ గుర్తులేదు.

1943లో మార్లవాయిలోనే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు యువకులకే పంతుళ్లుగా తర్ఫీదు ఇచ్చి, ఊళ్లలో బళ్లు తెరిపించారు. మొదటి వాచకాలు గోండిలోనే తయారుచేశారు. ఉపాధ్యాయ మిత్రులారా, మాతృభాషలో చదువు గురించి మనం ఇప్పుడు సదస్సుల్లో మాట్లాడుకుంటున్నాం కదా, అది ఈ కొండమీద ఎనభై ఏళ్ల కిందటే నడిచింది. తర్వాత దాన్ని ఆపేశారు.

అయితే ఆ వాచకాలు గోండి భాషలో ఉన్నా లిపి దేవనాగరి. మరాఠీ ఆ ప్రాంతంలో వాడుకలో ఉంది కాబట్టి అలా చేశారు. మార్లవాయికి అంత దూరం కాని గుంజాల అనే ఊళ్లో, నార్నూరు మండలంలో, గోండుల సొంత లిపిలో రాసిన చేతిరాత పుస్తకాలు ఇళ్లల్లో ఉన్నాయి. చదవగలిగిన ముసలివాళ్లు కొద్దిమంది మిగిలి ఉండగా, ఈ శతాబ్దం మొదటి దశకంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకుల వల్ల అవి లోకానికి తెలిశాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఫోనులో కూడా రాయవచ్చు. ఏళ్ల తరబడి ఉన్న మనిషి చేయించిన వాచకాల్లోకే పక్క ఊరి అటకమీది లిపి రాలేదు. ఇది ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. రెండు రోజులు ఉండి వెళ్లి, మీ సంస్కృతి అంతా చూసేశాం అని రాసుకునేవాళ్లకు చెబుతున్నాను. నాతో సహా.

ఆయన తీసిన వేల ఫోటోలు, ఫిల్ములు లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య అధ్యయనాల విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన రాతల్లో కొంత తెలుగులోకి వచ్చింది గానీ, రాజ్‌గోండుల పుస్తకం లాంటివి చదవాలంటే ఇంగ్లీషు బాగా రావాలి. ఒక ఊరి తాతముత్తాతల ముఖాలు ఏడు సముద్రాల అవతల ఉన్నాయి. మన జిల్లా కేంద్రాల్లోని గిరిజన గ్రంథాలయాల్లో వాటి ప్రతులు పెట్టించడానికి పెద్ద ఖర్చు కాదు. అడగాల్సింది మనమే.

నేను వెళ్లింది దీపావళి సెలవుల్లో. కావాలనే ఆ రోజులు ఎంచుకున్నాను, దండారి చూద్దామని.

దండారి గురించి బయట ఎక్కువగా తెలిసింది గుస్సాడి వేషం. నెమలి పింఛాల పెద్ద కిరీటం, దానికి కొమ్ములు, ఒళ్లంతా బూడిద, నడుముకు, భుజానికి తోలు, చేతిలో కర్ర. ఆ వేషం వేసుకున్నవాళ్లు దీక్షలో ఉంటారు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. డోలు, గుమేల, పెప్రే, కాలికోం మోగుతుంటాయి. ఆడవేషం కట్టిన కుర్రాళ్లను పోరిక్ అంటారు. టీవీలో, సభల్లో పది నిమిషాలు కనిపించేది ఇంతే. మార్లవాయికే చెందిన కనక రాజు గారు ఈ గుస్సాడిని 1980ల మొదట్లో ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకెళ్లాడు. ఎందరో కుర్రాళ్లకు నేర్పాడు. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024 అక్టోబరులో, దండారి రోజుల్లోనే కన్నుమూశాడు. ఆయన వల్ల గుస్సాడి అందరికీ తెలిసింది. నాకూ ఆయన వల్లే తెలిసింది.

నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియనిది ఏమిటంటే, దండారి అసలు ఒక ప్రయాణం. ఒక ఊరి దళం ఇంకో ఊరికి నడిచి వెళ్తుంది. ఏ ఊరికి పడితే ఆ ఊరికి కాదు. వియ్యమందుకోదగ్గ సగవాళ్లున్న ఊరికి. పొలిమేరలో ఆగుతారు. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి తీసుకెళ్తారు. తమ దేవతను ఆ ఊరి పటేల్ ఇంటి ముందు నిలిపి పూజ చేస్తారు. రాత్రంతా ఆట, పాట, ఎగతాళి. వంట ఊరంతా పంచుకుంటుంది. ఎవరింట్లో ఎవరు తినాలో ముందే ఉంటుంది. ఈ రాకపోకల్లోనే పెళ్లి మాటలు కలుస్తాయి, పాత తగాదాలు తీరతాయి. ఇంకో మాట ముఖ్యం. ఈ ఏడు వాళ్లు వచ్చారంటే వీళ్లూ వాళ్ల ఊరికి వెళ్లాలి. వచ్చినవాళ్లకు పెట్టింది అప్పు లాంటిది. అటునుంచి వాళ్లు పెట్టి తీర్చుకుంటారు. చివరికి కొలబోడి జరిపి, దీక్ష విప్పి, వాయిద్యాలు కట్టిపెట్టి ఎవరి చేలకు వాళ్లు పోతారు.

ఇది వింటుంటే నాకు వంజంగి గుర్తొచ్చింది. ఇంకొకరి ఊరికి వెళ్లి వాళ్ల ఆట చూసి రావడం అనేది నగరం వాళ్లు కనిపెట్టిందనీ, మనం చూపించేవాళ్లమే గానీ చూసేవాళ్లం కాదనీ నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. గోండులు దానికి ఎప్పుడో పద్ధతి పెట్టుకున్నారు. చెప్పి రావాలి, పొలిమేరలో ఆగాలి, రాత్రి ఉండాలి, పెట్టింది తినాలి, తిరిగి పిలవాలి. కేస్లాపూర్ నాగోబా దగ్గర కూడా ఇలాంటిదే. మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్ల కోసం రోజుల తరబడి చెప్పుల్లేకుండా నడుస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లను ఎవరికో ఒకరికి చూపించి చేర్చుకోవాలి, అంతే గానీ అలా వదిలెయ్యకూడదు. హైమన్‌డార్ఫ్ ఆ జాతరలోనే దర్బారు మొదలుపెట్టించాడు. అధికారులే కొండెక్కి వచ్చి, నేల మీద కూర్చున్న జనం చెప్పేది వినాలని దాని ఉద్దేశం. ఇప్పటికీ ఏటా జరుగుతుంది. ఇప్పుడు వేదిక ఎత్తు పెరిగిందని ఊరివాళ్లు నవ్వుతూ అన్నారు.

ఆ రాత్రి మంట దగ్గర నా గోత్రం అడిగారు. మాది పులి గోత్రం అన్నాను. మా కొండల్లో పులి, నాగు, సూర్యుడు ఇలా ఉంటాయని చెప్పాను. వాళ్ల నాలుగు సగల్లో నన్ను ఎక్కడ పెట్టాలో ముసలివాళ్లు చాలాసేపు వాదించుకున్నారు. తేలలేదు. తేలకపోయినా అన్నం పెట్టారు. మర్నాడు సాయంత్రం వెళ్లాల్సినవాణ్ణి ఇంకో రెండు రోజులు ఉన్నాను. ఫోటోలు తీశాను, అబద్ధం చెప్పను. అడిగి తీశాను.

వెళ్లేముందు సమాధుల దగ్గరికి వెళ్లాను. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోతే ఆమెను ఇక్కడికి తెచ్చి పాతిపెట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. ఆయన అస్థికలు తర్వాత ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరిలో వర్ధంతికి ఊరు కలుస్తుంది. చనిపోయినవాళ్లకు గోండులు చేసే మర్యాద చుట్టాలకు చేసేదే. తిరుగు దారిలో ఇంద్రవెల్లిలో దిగి స్థూపం దగ్గర కాసేపు నిలబడ్డాను. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగింది అక్కడే. ఇచ్చిన పట్టాలు ముప్పై ఏళ్లలో మళ్లీ షావుకార్ల చేతుల్లోకి ఎలా జారిపోయాయో, హైమన్‌డార్ఫ్ తన ముసలితనంలో తిరిగి వచ్చి చూసి రాశాడు. భూమి మార్పిడి నిషేధిస్తూ 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం అప్పటికే ఉంది. మా పాడేరులోనూ అదే చట్టం ఉంది. మబ్బులు చూడడానికి వచ్చినవాళ్ల కోసం గుడారాలు వేసే స్థలం ఎవరి పేరున ఉందో, ఎవరి చేతిలో ఉందో కనుక్కుని రమ్మని ఈ ఏడు నా తొమ్మిదో తరగతి పిల్లలకు పని ఇచ్చాను.

మార్లవాయిలో ఆటో కోసం నిలబడితే మొదటి రోజు పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఎన్ని రోజులని అడగలేదు.

"మీ ఊరికి మేమెప్పుడు రావాలె?" అన్నాడు.

చైత్రంలో మా ఇటుకల పండగకు రమ్మన్నాను. మగవాళ్లు వేటకు పోతారని, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు అడుగుతారని ముందే చెప్పాను. ఆయన నవ్వి, ఆటోవాడికి నా సంచి అందించాడు. ఎంతమంది వస్తారో నేను అడగలేదు. దండారి దళం అంటే ముప్పై, నలభై మందికి తక్కువ ఉండరు. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబితే, ముందు బియ్యం సంగతి చూడు అంది.